చక్రం ఎక్కడ కూర్చోవాలి? (ఆఫ్‌సెట్, స్పేసర్ల పాఠం)



కొత్త కారు కొన్నవాళ్ళు యాదగిరిగుట్టకు వచ్చి వాహన పూజ చేయించుకోవడం మనకు కొత్త కాదు. బండికి పసుపు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కదిలిస్తారు. ఆ నిమ్మకాయ నలిగే చోటు, అంటే టైరు నేలను తాకే చోటు, కారు కింద సరిగ్గా ఎక్కడ ఉండాలన్నదే ఈ పాఠం. మన హాస్టళ్ళ నుండి ఐ.టి.ఐ. మోటారు మెకానిక్ ట్రేడుకు, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ శాఖకు వెళ్ళేవాళ్ళుంటారు. భక్తులను గుట్టకు తెచ్చే ట్యాక్సీ నడుపుతూ ఇల్లు గడుపుతున్న అన్నలూ ఉంటారు. మిగిలినవాళ్ళు దీన్ని భౌతిక శాస్త్రంలోని బలభ్రామకం పాఠానికి ఒక ఉదాహరణగా చదువుకోవచ్చు.

ముందు ఆఫ్‌సెట్ అంటే ఏమిటో చూద్దాం. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడుమ ఒక గీత గీశామనుకోండి. రిమ్ములో హబ్బుకు ఆనే ముఖం ఒకటి ఉంటుంది. ఆ గీతకూ ఈ ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. ముఖం గీతకన్నా బయటి వైపు ఉంటే ధన ఆఫ్‌సెట్, లోపలి వైపు ఉంటే రుణ ఆఫ్‌సెట్, గీత మీదే ఉంటే సున్న. మన చిన్న కార్లకు సాధారణంగా ధన ఆఫ్‌సెటే ఉంటుంది. అలాయ్ రిమ్ము మీద 'ఇ.టి. 45' అని పోతపోసి ఉంటే 45 మిల్లీమీటర్లని అర్థం. ఇ.టి. అనేది 'ఐన్‌ప్రెస్‌టీఫె' అనే జర్మన్ మాటకు పొట్టి రూపం.

ఈ సంగతి మన రైతులకు వేరే పేరుతో ఎప్పుడో తెలుసు. పత్తి సాళ్ళ మధ్య ట్రాక్టరు పోవాలంటే వెనుక చక్రాలు విప్పి, డిస్కును తిప్పి బిగిస్తారు. చక్రాల మధ్య ఎడం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అది ఆఫ్‌సెట్ మార్చడమే. అయితే ట్రాక్టరును ఆ పనికోసమే తయారు చేశారు. కారును అలా చేయలేదు.

ఇప్పుడు ఒక లెక్క. కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్ 45. ఒకాయన సెకండ్‌హ్యాండులో అదే వెడల్పున్న అలాయ్ రిమ్ములు కొన్నాడు. వాటి ఆఫ్‌సెట్ 55. అంకె పెరిగింది కాబట్టి చక్రం 10 మి.మీ. లోపలికి పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి అంచు షాక్ అబ్జార్బరుకు రాసుకోవచ్చు. హబ్బుకూ రిమ్ముకూ మధ్య 10 మి.మీ. స్పేసరు, అంటే గుండ్రటి లోహపు బిళ్ళ, పెడితే 55 లోంచి 10 పోయి మళ్ళీ 45 అవుతుంది. చక్రం తన పాత చోటికి వచ్చింది. స్పేసరుకున్న న్యాయమైన ఉపయోగం ఇదొక్కటే అని నా అభిప్రాయం.

అదే రిమ్ము ఆఫ్‌సెట్ 30 అనుకోండి. చక్రం అప్పటికే 15 మి.మీ. బయటికి వచ్చి ఉంటుంది. స్పేసరు పెడితే ఇంకా బయటికి వస్తుందే తప్ప లోపలికి పోదు. లేతు మీద రిమ్ము ముఖాన్ని చెక్కిస్తే సరిపోతుందనేవాళ్ళున్నారు. బలం ఉండాల్సిన చోటే లోహం పలచబడుతుంది. ఆ రిమ్ములను తిరిగి ఇచ్చేయడమే దారి.

కారు వెడల్పుగా, కాళ్ళు చాచి నిలబడ్డట్టు కనిపించాలని కంపెనీ రిమ్ములకే స్పేసర్లు పెట్టించేవాళ్ళే ఎక్కువ. బేరింగు మీద ఏమవుతుందో చూడండి. ఒక చక్రం మీద 300 కిలోల బరువుందనుకుందాం. చక్రాన్ని 20 మి.మీ. బయటికి జరిపితే అదనపు భ్రామకం 300 × 0.02 = 6 కిలోగ్రామ్-మీటర్లు, అంటే దాదాపు 59 న్యూటన్ మీటర్లు. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క ఇది. గుంతలో పడ్డప్పుడు బరువు దెబ్బగా మారుతుంది. గుట్ట ఘాట్ రోడ్డు వంపులో బరువంతా బయటి వైపు చక్రాల మీదికి వాలుతుంది. బేరింగు తొందరగా అరుగుతుంది, గుంత తగిలినప్పుడల్లా స్టీరింగు చేతిలో గుంజుతుంది. మొదటి ఉదాహరణలో ఈ బాధ లేదు, ఎందుకంటే టైరు నడిగీత కంపెనీ పెట్టిన చోటికే వచ్చింది.

అసలు ప్రమాదం నట్ల దగ్గర ఉంది. కారు బరువును స్టడ్లు కత్తెరలో కడ్డీల్లాగా మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్డు రవ్వంత సాగి, రిమ్మును హబ్బుకు అదిమి పట్టుకుంటుంది. ఆ రెండు ముఖాల మధ్య పుట్టే ఘర్షణే చక్రాన్ని జారకుండా ఆపుతుంది. స్పేసరు పెడితే ఒక జత ముఖాల బదులు రెండు జతలు అవుతాయి. మధ్యలో తుప్పు, పెయింటు, మట్టి ఉంటే నాలుగు రోజుల్లో అవి నలిగి పట్టు వదులవుతుంది. అందుకే అన్ని ముఖాలనూ తళతళలాడేట్టు తోమాలి. బిగించాక 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగి వచ్చి నట్లు మళ్ళీ చూడాలి.

పైగా 10 మి.మీ. స్పేసరు స్టడ్డులో 10 మి.మీ. తినేస్తుంది. 12 మి.మీ. స్టడ్డుకు నట్టు కనీసం 12 మి.మీ. మేర మరలో పట్టాలి. మర 1.5 మి.మీ. అయితే 8 చుట్లు, 1.25 అయితే దాదాపు 10 చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. నాలుగైదు చుట్లకే ఆగిపోతే పొడవు స్టడ్లు వేయించాలి, లేకపోతే స్పేసరు తీసేయాలి. దాదాపు 20 మి.మీ., ఆపైన మందం ఉండే స్పేసర్లలో సొంత స్టడ్లుంటాయి. వాటిని ముందు హబ్బుకు బిగించి, తర్వాత చక్రాన్ని వాటికి బిగిస్తారు.

హబ్బు నడుమ గుండ్రటి అంచు ఒకటి ముందుకు వచ్చి ఉంటుంది, చక్రం దాని మీదే సరిగ్గా నడిమికి కూర్చుంటుంది. మందపు స్పేసరు ఆ అంచును మింగేస్తుంది. అలాంటి అంచు స్పేసరుకు కూడా ఉంటేనే కొనండి. లేకుంటే వరంగల్ హైవే మీద వేగం పెరగగానే స్టీరింగు వణుకుతుంది, టైరు బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా పోదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. కొన్ని షెడ్లలో స్పేసరు బదులు ఒక్కో స్టడ్డుకు రెండు మూడు వాషర్లు తొడిగి చక్రం బిగిస్తారు. ఆ చక్రం హబ్బు ముఖానికి ఆనదు, నాలుగు చుక్కల మీద నిలబడుతుంది. స్టడ్లు వంగుతూ వంగుతూ ఒకరోజు తెగుతాయి. అప్పుడు బండిలో ఎవరుంటారో చెప్పలేం. ఓనరు చెప్పినా ఈ పని చేయకండి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ట్యాక్సీ నడిపే అన్నలు ఫిట్‌నెస్‌కు పోయే ముందు, ఇన్సూరెన్సు కట్టే ముందు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

రిమ్ము మీద అంకె చెరిగిపోతే ఆఫ్‌సెట్ మనమే కొలవవచ్చు. చక్రాన్ని బయటి ముఖం కిందికి వచ్చేలా గోనెసంచి మీద పడుకోబెట్టండి. రిమ్ము వెనుక అంచుల మీద అడ్డంగా ఒక తిన్నని కడ్డీ పెట్టి, అక్కడినుండి హబ్బుకు ఆనే ముఖం దాకా లోతు కొలవండి. 127 మి.మీ. వచ్చిందనుకుందాం. రిమ్ము ఈ అంచు నుండి ఆ అంచు దాకా మొత్తం వెడల్పు 164 అయితే, అందులో సగం 82. 127 లోంచి 82 తీసేస్తే 45. టైరు ఉబ్బు కడ్డీకి అడ్డం వస్తే టైరు విప్పి కొలవాలి, లేదంటే లెక్క తప్పుతుంది.