నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకొను విధము

నంద్యాల జిల్లా పగిడ్యాల ప్రాంతమున రైతునకు అన్నము పెట్టు నేలలలో నల్లరేగడి ముఖ్యమైనది. నీటిని పట్టియుంచుకొను దాని గుణము పైరునకు మేలు, ఇంటికి కీడు. ఈ మన్ను తడిసినపుడు ఉబ్బును. ఎండినపుడు కుదించుకొని నెఱ్ఱెలు వాఱును. పునాది పైపొరలోనే నిలిచినచో ఏటేట లేచుచు దిగుచుండుటచే గోడలు బీటలు వాఱును. ఈ సీమలో పాత యిండ్ల మిద్దెలును మట్టివే. కావున ఇల్లు కట్టదలచిన రైతు క్రింది మట్టిని, మీది మట్టిని గూర్చి ముందుగా ఎఱుగవలెను.

1. చోటు: కర్నూలు–కడప కాలువ నీరు పారు పొలముల చెంత నేల తఱచు తడిసియుండును. మెరక చోటును ఎన్నుకొనవలెను. 2009 అక్టోబరు వరద కర్నూలు నగరమును సైతము ముంచెను. కావున గ్రామమున నీరు చేరిన ఎత్తును పెద్దలనడిగి, అరుగును అంతకు మించి లేపవలెను.

2. పునాది: రేగడిని దాటి గరుసు తగులువఱకు త్రవ్వవలెను. గరుసు మిక్కిలి లోతైనచో ఇంజనీరు సలహాపై అడుగున ఉబ్బెత్తుగల కాంక్రీటు స్తంభములు దింపుట మేలు. గోడల చుట్టును నాపరాళ్లు వెలికి వాలుగా పఱచి, వాననీటిని దూరముగా పంపవలెను.

3. దిక్కు: పొడవు గోడలు ఉత్తర దక్షిణములకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు ఉండవలెను. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండ అప్పుడు తక్కువ గోడకు తగులును. పడమట వసారా వేయవలెను. వేపచెట్టు వేళ్లు రేగడిలోని తేమను పీల్చును గనుక, అది ఎదుగు ఎత్తునకు తక్కువ కాని దూరమున నాటవలెను. సాయంకాలపు నీడ అంత దూరమునుండియు గోడకు చేరును.

4. మిద్దె: వేసవి మధ్యాహ్నమున సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నిలుచును గనుక ఎండదెబ్బ కప్పునకే హెచ్చు. మందమైన మట్టిమిద్దె వేడిని మెల్లగా దింపును. దానిపై వేయు చౌటిమట్టిలోని సోడియపు లవణములచే, తడి తగిలిన తోడనే బంకరేణువులు విడి రంధ్రములను మూసివేయును. నీరు లోనికి దిగక జారిపోవును. కాంక్రీటు కప్పు గలవారు ఏటేట వేసవికి ముందు తెల్లసున్నము పూయవలెను.

5. బరువు: అపాయమంతయు ఇచ్చటనే కలదు. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదిపై ఒక్క అంగుళము మట్టి వేసినచో 12½ ఘనపుటడుగులగును. ఘనపుటడుగు 45 కిలోల చొప్పున లెక్కించినను, దూలములపై 560 కిలోలకు మించిన బరువు చేరును. తడిసినపుడు ఇంకను హెచ్చును. పాత పొరను తీయక ఏటేట క్రొత్తపొర వేయువారి మిద్దెలు ముసురు పట్టినపుడు కూలుటకు ఇదియొక కారణము. కావున పాత చౌడును గీకి తీసి, పోయినంత మట్టినే తిరిగి వేయవలెను.

తొలకరికి ముందే మిద్దె యెక్కి తూములను శుభ్రపఱచి, లోపల దూలముల కొనలకు చెదలు పట్టెనేమో పొడిచి చూడవలెను. దూలము వంగినచో వెంటనే ఊతకంబము నిలిపి, బాగుచేయించువఱకు ఆ గదిలో ఎవ్వరును నిద్రింపరాదు.