గడువు దాటిన అద్దె

ఆమెది రెండు గదుల పెంకుటిల్లు. భర్త పోయాక ముందు గది అద్దెకిచ్చింది. పదకొండు నెలలకు కాగితం రాసుకున్నారు. గడువు తీరింది. అద్దెకున్నాయన కదల్లేదు. "ఇంకో నెల చూడమ్మా" అని అద్దె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. అట్లా నాలుగు నెలలు గడిచాయి. తర్వాత అద్దె కూడా ఆపేశాడు. కూతురు పురిటికి వస్తోంది. గది కావాలి.

తమ్ముడికి కోపమొచ్చింది. "సామాన్లు బయట పడేసి తాళం వేద్దాం అక్కా!" అన్నాడు. "కరెంటు తీసేస్తే తనే పోతాడు" అంది పక్కింటామె.

అట్లా చేస్తే కథ తిరగబడుతుంది. గడువు దాటినా సరే, బలవంతంగా వెళ్లగొట్టకూడదు. వెళ్లగొడితే అతను ఆరు నెలల్లోపు కోర్టుకు పోవచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిదని చూడరు. గది మళ్లీ అతనికే ఇమ్మనవచ్చు. 1963 నాటి చట్టంలో ఈ సంగతి ఉంది.

ఆమె కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవల ఆఫీసుకు పోయింది. అక్కడ ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఆదాయంతో పని లేదు. ఇది 1987 నాటి చట్టం.

వకీలమ్మ మొదట ఒకటే అడిగింది. "గడువు తీరాక అద్దె తీసుకున్నారా అమ్మా?"

"తీసుకున్నాను. రసీదు కూడా ఇచ్చాను."

"తీసుకోకుంటే నేరుగా కేసు వేసేవాళ్లం. తీసుకున్నారు కాబట్టి అతను ఇప్పుడు నెలనెలా అద్దెకు ఉన్నట్టు లెక్క. ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి."

నోటి మాట చాలదు. నోటీసు కాగితం మీద ఉండాలి, సంతకం ఉండాలి. స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. గడువు దాటినా ఖాళీ చేయకపోతే అప్పుడు కేసు. బాకీ అద్దె, అదనంగా ఉన్న రోజులకు నష్టపరిహారం కూడా అడగవచ్చు. కేసు తేలడానికి ఏళ్లు పట్టినా పట్టవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ రాజీ కోర్టు తీర్పుతో సమానం.

కొన్ని పట్టణాల్లో అద్దె ఇళ్లకు వేరే చట్టం ఉంది. అక్కడ గడువు తీరడం ఒక్కటే చాలదు. అద్దె కట్టలేదనో, ఇల్లు సొంతానికి కావాలనో కారణం చూపాలి. ఆ సంగతి వకీలును అడగాలి.

ఆమె పంపిన నోటీసు ఇది. చదవండి. నోటుబుక్కులో ఎత్తి రాయండి.

"అయ్యా, మీరు నా ముందు గదిలో నెల అద్దెకు ఉంటున్నారు. ఆ అద్దె ఒప్పందాన్ని ముగిస్తున్నాను. ఈ నోటీసు అందిన 15 రోజులు దాటగానే గది ఖాళీ చేసి నాకు అప్పగించాలి. బాకీ అద్దె కట్టాలి.
తేదీ:
సంతకం:"