దూరము - కాలము : నా తప్పు లెక్క
(ద్వితీయ బి.యస్సి. విద్యార్థి)

ఆదోని నుండి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. బస్సులో గంట. ఎక్కినప్పుడు గడియారం చూసి గంట కలిపితే దిగే వేళ తెలుస్తుంది. ఆదోని మార్కెట్టుకు పత్తి తెచ్చే మా నాయనకూ ఈ లెక్క వచ్చు. ఇదే లెక్కను అమెరికా ప్రయాణానికి వాడి నేనొకసారి పెద్ద తప్పు చేశాను. మిత్రులెవరూ అట్లా చేయకూడదని ఈ వ్యాసం.

మొదట దూరం సంగతి చూద్దాం. మా అక్క ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర. గోడమీది పటంలో అమెరికా మనకు పడమర. కాని భూమి గుండ్రం కదా! ఎమ్మిగనూరు మగ్గాల నూలు పోగు ఒకటి తెచ్చి, గ్లోబు మీద బెంగళూరునూ శాన్‌ఫ్రాన్సిస్కోనూ కలుపుతూ బిగించి చూడండి. పోగు తనంతట తానే ఉత్తరానికి జరిగి, సైబీరియా, అలాస్కాల మీదుగా పోతుంది. అదే దగ్గరి దారి. విమానాలు గాలివాటం చూసుకొని ఈ గీతకు అటూ ఇటూ జరుగుతాయి.

ఈ రెండు ఊళ్ళ మధ్య భూకేంద్రం వద్ద కోణం సుమారు 126 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున దాదాపు 14,000 కి.మీ. మన బస్సు వేగంతో అయితే రాత్రింబవళ్ళు నడిచినా 19 రోజులు దాటుతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి మొదలైన మహిళా పైలట్లు ఎయిర్ ఇండియా బోయింగ్ 777 విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా ఆగకుండా బెంగళూరుకు తెచ్చారు. పట్టిన కాలం సుమారు 17 గంటలు. అంటే గంటకు 820 కి.మీ. పైమాటే.

ఇక కాలం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, వారిది 120 డిగ్రీల పడమటిది. మొత్తం తేడా 202½ డిగ్రీలు. దాన్ని 15తో భాగిస్తే 13½ గంటలు. మనం అంత ముందున్నాం. వేసవిలో వారు గడియారం గంట ముందుకు జరుపుతారు కనుక తేడా 12½.

నేను ఇంటరు చదివేటప్పుడు, చలికాలంలో, అవ్వకు బాగలేదు. అక్క "శనివారం రాత్రి 9కి విమానం" అని చెప్పింది. "అమ్మి ఎప్పుడొస్తాది రా?" అని అవ్వ అడిగితే, 9కి 17 కలిపి, "ఆదివారం మధ్యాహ్నం 2కి బెంగళూరు, రాత్రికి ఇల్లు" అన్నాను. శనివారం రాత్రి అవ్వ బాగానే మాట్లాడింది. అక్క విమానంలో ఉందనుకొని ఫోను చేయలేదు. నిజానికప్పుడు అక్కడ శనివారం పొద్దున. అక్క ఇంట్లోనే ఉంది! ఆదివారం 10 గంటలకు అక్క ఫోన్ చేసి, "ఇప్పుడే ఎక్కుతున్నా" అన్నది. అప్పటికి అవ్వకు మాట పడిపోయింది. ఆ రాత్రే పోయింది. అక్క సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరింది.

సరైన లెక్క ఇది: శనివారం రాత్రి 9కి 13½ కలిపితే మనకు ఆదివారం పగలు 10:30. దానికి 17 కలిపితే సోమవారం తెల్లవారుజాము 3:30. ముందు గడియారం మార్చుకోవాలి, తర్వాతనే ప్రయాణకాలం కలపాలి.

మా ఇంట్లో క్యాలెండరు పక్కన గోడమీద ఇప్పుడు రెండు అంకెలున్నాయి: చలికాలం 13½, వేసవి 12½. రాసింది నాయనే.