కంటికి కనపడని వెలుగు – క్వేజార్ 3సీ 273

వేసవి సెలవుల్లో వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నప్పుడు, రాత్రి పది గంటల వేళ దక్షిణం వైపు చూడండి. తెల్లగా మెరిసేది చిత్త నక్షత్రం. అది ఉన్న కన్యారాశిలోనే 3సీ 273 అనే క్వేజార్ ఉంది. అది మామూలు కంటికి కనిపించదు. అయినా అది ఎంత ఉంటుందో మన నోటుపుస్తకంలోనే లెక్క కట్టవచ్చు. తమ్ముళ్ల కోసం ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాం.

క్వేజార్ అంటే ఏమిటి?

1963లో మార్టెన్ ష్మిట్ అనే శాస్త్రవేత్త ఈ చుక్క వర్ణపటాన్ని పరిశీలించారు. హైడ్రోజన్ గీతలు ఎరుపు వైపు 16 శాతం జరిగి ఉన్నాయి. అంటే అది నక్షత్రం కాదు, ఎంతో దూరాన ఉన్న ఒక గెలాక్సీ కేంద్రం. దాని కాంతి మనల్ని చేరడానికి సుమారు 200 కోట్ల సంవత్సరాలు పట్టింది. దాని వెలుగు లక్ష కోట్ల సూర్యుల వెలుగును మించినది.

ఎక్స్‌రేలు ఎలా చూస్తారు?

ఆసుపత్రిలో ఎక్స్‌రేలను యంత్రం పంపుతుంది. ఇక్కడ క్వేజారే పంపుతోంది. కానీ మన వాతావరణం వాటిని పీల్చేసుకుంటుంది. రంగారెడ్డి జిల్లాలో మన ఊరి పేరే ఉన్న మరో ఇబ్రహీంపట్నం దగ్గర, రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. నేల మీద ఉన్న టెలిస్కోపు ఎంత పెద్దదైనా వాటిని పట్టలేదు. అందుకే పరికరాలను రాకెట్లలో, ఉపగ్రహాల్లో పైకి పంపాలి. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఎక్స్‌రే టెలిస్కోపు ఉన్నది ఇందుకే.

ఎక్స్‌రేలు ఏం చెప్పాయి?

3సీ 273 ఎక్స్‌రే వెలుగు ఒకే తీరుగా ఉండదు. పది రోజుల్లోనే పెరగవచ్చు, తగ్గవచ్చు. ఇందులోనే కిటుకు ఉంది. ఫర్లాంగు పొడవున వరుసగా నిలబడి అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టినా, ఒక చివర ఉన్నవారికి అవతలి చివరి చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంది. వెలుగూ అంతే. మార్పు పది రోజుల్లో కనిపించిందంటే, ఆ వెలుగు పుట్టే చోటు కాంతి పది రోజుల్లో దాటగలిగేంతే ఉండాలి.

లెక్క వేద్దాం

సెకనుకు 3,00,000 కి.మీ. × రోజుకు 86,400 సెకన్లు × 10 రోజులు = 25,920 కోట్ల కి.మీ.

ఇది నెప్ట్యూన్ కక్ష్య వెడల్పుకు దాదాపు 30 రెట్లు మాత్రమే. మన పాలపుంత వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలు! ఇంత చిన్న చోట అంత శక్తి పుట్టాలంటే అక్కడ కృష్ణబిలం ఉండాలి. చుట్టూ తిరుగుతూ అందులో పడే వాయువు వేడెక్కి ఆ శక్తినిస్తుంది. దాని బరువు సుమారు 30 కోట్ల సూర్యులతో సమానమని 2018లో చిలీలోని టెలిస్కోపులతో కొలిచారు.

ఆ కాంతి బయలుదేరినప్పుడు భూమి మీద చెట్టు లేదు, చేప లేదు, సూక్ష్మజీవులే ఉన్నాయి. అంత పాత వెలుగు కొలత తెలుసుకోవడానికి మనకు కావలసి వచ్చింది ఒక గుణకారం. మార్పు ఒక్క రోజులోనే కనిపిస్తే ఆ చోటు ఎంత ఉంటుందో మీరే లెక్క కట్టి చూడండి.