పాతాళగంగకు కావలి

నేల లోపలి నీటిని గురించి మన పూర్వులు నిశితంగానే ఆలోచించారు. క్రీ.శ. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన 'బృహత్సంహిత'లో 'దకార్గళం' అనే అధ్యాయాన్ని ఇందుకే కేటాయించాడు. మానవదేహంలో రక్తనాళాలు ఉన్నట్లే భూమిలో జలనాడులు ఉంటాయని ఆయన భావన. చెట్లను, పుట్టలను బట్టి నీటిజాడ చెప్పడంతో ఆగక, చెడిన బావినీటిని బాగుచేసే ద్రవ్యాలను కూడా పేర్కొన్నాడు. ఉసిరిక, చిల్లగింజ వాటిలోనివి. చిల్లగింజను అరగదీసి కలిపితే బురదనీరు తేరుకుంటుందని మన పల్లెలు మొన్నమొన్నటి వరకు ఎరుగుదురు. అయితే ఆయన లెక్కించిన నీటి దోషాలు మురికి, ఘాటు, ఉప్పదనం, అరుచి, దుర్గంధం. అన్నీ ఇంద్రియాలకు తెలిసేవే. ఇరవయ్యో శతాబ్దం నేలలోకి దించిన దోషం అటువంటిది కాదు.

పెట్రోలు బంకులో మనకు కనిపించేవి పంపులు మాత్రమే. వేల లీటర్ల ఇంధనం వాటి చెంతనే నేలలో పాతిన ట్యాంకులలో నిలువ ఉంటుంది. తడినేలలో ఉక్కు తుప్పు పడుతుంది. గొట్టాల అతుకులు సడలుతాయి. అలా కారిన పెట్రోలు మట్టిపొరల గుండా దిగి, నీటికంటె తేలిక కనుక, భూగర్భ జలమట్టం మీద తెట్టుగా నిలుస్తుంది. అందులోని బెంజీన్ కొద్దికొద్దిగా నీటిలో కరిగి, ఆ నీటితోపాటు కదలిపోతుంది. బెంజీన్ క్యాన్సర్ కారకం. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో లక్షవ వంతు. ఒక శాతం బెంజీన్ గల పెట్రోలు ఒక్క లీటరు ఉంటే, అందులోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు తేగలదు. అంత పలుచనైన విషం నాలుకకు తెలియదు, ముక్కుకు అందదు. చిల్లగింజ దానిని ఏమీ చేయలేదు.

ఈ సంగతి అమెరికాలోని శాంటా మోనికా నగరానికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. లాస్ ఏంజిలిస్‌కు పడమట, పసిఫిక్ తీరాన ఉన్న ఈ పట్టణం తన తాగునీటి కోసం ప్రధానంగా సొంత బావులను నమ్ముకొని ఉండేది. అమెరికాలో 1979 నుండి పెట్రోలులో సీసానికి బదులుగా ఎం.టి.బి.ఇ. అనే రసాయనాన్ని కలపసాగారు. 1990లో వాయుకాలుష్య చట్టాన్ని సవరించిన పిదప, పొగలోని దోషాలను తగ్గించే నిమిత్తం దాని వాడకం మరింత పెరిగింది. గాలికి మేలు చేయవచ్చిన ఆ ద్రవ్యం నీటికి పగయైంది. అది నీటిలో బెంజీన్ కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది, మట్టిని అంటిపెట్టుకోదు, సూక్ష్మజీవులకు త్వరగా లొంగదు. నీరు ఎంత దూరం నడిస్తే తానూ అంత దూరం నడుస్తుంది. శాంటా మోనికాకు చెందిన చార్నాక్ బావులలో అది లీటరుకు 600 మైక్రోగ్రాములను దాటింది. 1996లో ఆ బావులను మూసివేయగా నగరం తన నీటిలో దాదాపు సగం కోల్పోయి, దూరప్రాంతాల నుండి వచ్చే నీటిని కొనుక్కోవలసివచ్చింది. కాలిఫోర్నియా 2003 చివరకు ఆ రసాయనాన్ని నిషేధించింది. శుద్ధికర్మాగారం కట్టి చార్నాక్ నీటిని తిరిగి వాడుకలోకి తెచ్చేసరికి 2011 వచ్చింది. ట్యాంకులు కారడం కొద్దికాలపు మాట. కడగడానికి పట్టినవి పదిహేనేళ్ళు!

కనుక కావలి ట్యాంకు దగ్గరే మొదలు కావాలి. రోజూ కొలకర్ర దించి మట్టం చూడడం, వచ్చిన సరకును, అమ్మిన సరకును చిట్టాతో సరిపోల్చడం మొదటి మెట్టు. చిట్టా కూడా ఒక్కొక్కప్పుడు మోసగిస్తుంది. పదివేల లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితే దాదాపు 10 లీటర్లు కుంచించుకుపోతుంది. కారిపోయినదేదో, కుంచించినదేదో తేల్చుకోవలసి ఉంటుంది. అమెరికా నిబంధనలు ట్యాంకులోనే అమర్చే స్వయంచాలిత మాపకం గంటకు 0.2 గ్యాలన్, అంటే ముప్పాతిక లీటరు కారినా పసిగట్టాలని విధించాయి.

రెండవది నేలలోని కావలి. బంకు చుట్టూ సన్నని పరిశీలక బావులు తవ్వుతారు. తెలుగునాట భూగర్భజల శాఖవారు నీటిమట్టం చూడడానికి వేసే పీజోమీటర్ల వంటివే ఇవి. నీరు ఏ దిక్కుకు సాగుతున్నదో తెలియడానికి త్రిభుజాకారంగా కనీసం మూడు బావులు ఉండాలి. ప్రవాహానికి ఎగువన ఒకటి ఉంటేనే, దోషం ఈ బంకుదా, పైనుండి వచ్చినదా అని తేలుతుంది. నమూనా తీయడంలోనూ నిష్ఠ అవసరం. గొట్టంలో నిలిచిన పాతనీటిని ముందుగా తోడివేయాలి. చిన్న సీసాను గాలిబుడగ మిగలకుండా నింపి, మంచులో ఉంచి ప్రయోగశాలకు పంపాలి. బుడగ మిగిలితే బెంజీన్ అందులోకి ఎగసి, లేని శుద్ధిని నీటికి ఆపాదిస్తుంది. ఒక పరీక్షతో పని తీరదు. వానకాలంలో మట్టం పైకి వచ్చి, వేసవిలో దిగజారేటప్పుడు తెట్టు మట్టికి పూసుకొనిపోతుంది. మరుసటి వానకు మళ్ళీ కరుగుతుంది.

తెలంగాణలోని గట్టిరాతి నేలలలో ఈ కావలి మరింత కష్టం. అక్కడ నీరు ఇసుకపొరలో వలె నలుదిక్కులా వ్యాపించక, రాతి పగుళ్ళ వెంట పోతుంది. బంకుకు పక్కనే ఉన్న బోరు నిర్మలంగా ఉండి, ఆవలి వీధిలోని బోరు చెడిపోవచ్చు. వరాహమిహిరుని జలనాడుల ఊహ ఇక్కడ యథార్థానికి ఎంతో దగ్గరగా ఉన్నది. దీనికి తోడు 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. నేలలోని సూక్ష్మజీవులు ముందుగా ఇథనాలునే ఆరగించి, అక్కడి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. వాటికి ఆహారం కావలసిన బెంజీన్ అప్పుడు మిగిలిపోయి, మునుపటికంటె ముందుకు సాగుతుంది. ఇక మీదట పరిశీలక బావిని ఎంత దూరాన తవ్వాలన్నది ఈ లెక్కతో కూడా ముడిపడి ఉన్నది.