జీపీఎస్ కరెక్టే, స్క్రీన్‌తోనే తంటా: పైలట్లను తికమక పెట్టిన ల్యాండింగ్ డిజైన్

గూగుల్ మ్యాప్స్ పెట్టుకుని బండి మీద వెళ్తున్నారు. పైన "500 మీటర్లలో లెఫ్ట్", కింద "ఇంకా 12 కి.మీ." అని రెండూ కనిపిస్తాయి. ఆ కింది లైన్ తీసేశారనుకోండి. మలుపు ఎంత దూరమో తెలుస్తుంది, ఇల్లు ఎంత దూరమో మాత్రం మీరే లెక్కేసుకోవాలి. 2000ల్లో చాలా చిన్న విమానాల్లో జీపీఎస్ అప్రోచ్ ఇలాగే ఉండేది.

మబ్బుల్లో రన్‌వే కనపడనప్పుడు పరికరాలు చూసుకుంటూ దిగడమే ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్. ఎయిర్‌పోర్ట్‌లో డీఎంఈ అనే రేడియో పరికరం ఉంటే దూరం 15, 14, 13 అని వరసగా తగ్గుతూ వస్తుంది. శాటిలైట్ అప్రోచ్‌లో అలా కాదు. దారిలో కొన్ని వేపాయింట్లు ఉంటాయి, మధ్య దూరం సాధారణంగా 5 నాటికల్ మైళ్లు. 5 నుంచి సున్నాకి వస్తుంది, మళ్లీ 5 నుంచి మొదలు. స్క్రీన్ మీద "2" కనిపిస్తే, దేనికి 2?

3 డిగ్రీల వాలులో మైలుకి దాదాపు 318 అడుగులు దిగాలి. అంటే ఒక్క వేపాయింట్ దాటేశానని పొరబడితే, విమానం ఉండాల్సిన ఎత్తుకంటే దాదాపు 1,600 అడుగులు కిందుంటుంది.

పేరు చూసుకోవచ్చు కదా అంటారా? అసలు చిక్కు అక్కడే. ఆస్ట్రేలియాలోని లాక్‌హార్ట్ రివర్‌లో వేపాయింట్ల పేర్లు ఎల్‌హెచ్‌ఆర్‌డబ్ల్యూఐ, ఎల్‌హెచ్‌ఆర్‌డబ్ల్యూఎఫ్, ఎల్‌హెచ్‌ఆర్‌డబ్ల్యూఎం. చివరి అక్షరం ఒక్కటే తేడా! కాంటాక్ట్స్‌లో రవి1, రవి2, రవి3 అని సేవ్ చేసుకున్నట్టు.

2005 మే 7న అక్కడే ఈ అప్రోచ్‌లో దిగుతున్న మెట్రో 23 విమానం సౌత్ పాప్ అనే కొండని ఢీకొంది. 15 మందీ చనిపోయారు. డిజైన్ ఒక్కటే కారణమంటే అన్యాయం అవుతుంది. వేగం, దిగే రేటు ఎక్కువున్నాయి, కో-పైలట్‌కి ఈ రకం అప్రోచ్‌కి అర్హత లేదు. కానీ పనిభారం బాగా పెరిగి, దారిలో ఎక్కడున్నామన్నది సిబ్బందికి బహుశా తెలియకుండా పోయిందని దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ తేల్చింది.

అదే సంస్థ 2006లో 700 మందికి పైగా పైలట్లను సర్వే చేసింది. ఎక్కువ మంది చెప్పిన ఫిర్యాదు ఇదే: చివరిదాకా ఎంత దూరమో స్క్రీన్ చూపించట్లేదు. ఒకేలాంటి పేర్లు, మెట్లు మెట్లుగా దిగాల్సి రావడం కూడా లిస్టులో ఉన్నాయి. నిలువు గైడెన్స్ ఉన్న జెట్ పైలట్లకి మాత్రం ఇంత కష్టం అనిపించలేదు.

ఇప్పుడు ఎల్‌పీవీ అప్రోచ్‌లు ఆ వాలుని స్క్రీన్ మీదే చూపిస్తాయి. మన దగ్గర ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసిన గగన్‌తో 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ కిషన్‌గఢ్‌లో ఇలాగే దిగింది. అయితే సిగ్నల్ నాణ్యత తగ్గితే అదే అప్రోచ్ ఎల్‌నావ్‌కి పడిపోవచ్చు. అప్పుడు వాలు పోతుంది, మెట్లు తిరిగొస్తాయి. స్క్రీన్ మీద ఆ అక్షరాలు మారడం గమనించి, ఎంత ఎత్తు వరకు దిగొచ్చో కూడా వెంటనే మార్చుకోవాల్సింది పైలటే.