సబ్బు చెయ్యటానికి ఏ నీళ్ళు మంచివి?

ఈ ఏడు మన బడిలో పెద్ద తరగతి పిల్లలు సంక్రాంతి సంబరాల్లో అమ్మటానికి ఇంట్లో సబ్బులు చేద్దామన్నారు. ఏ నూనెలు వాడాలన్న దాని మీద పేచీ రాలేదు. వాసన లావెండరా, గంధమా అన్నది చేతులెత్తించి తేల్చేశాం. తేలనిది నీళ్ళ సంగతే. "తాగే నీళ్ళే కదండీ, కుళాయి నీళ్ళు చాలవా?" అన్నారు కొందరు తల్లులు. సీసా నీళ్ళు కొనాలన్నారు ఇంకొందరు. ఇండియా నుంచి వచ్చిన ఒక తాతగారు "వాన నీళ్ళు పట్టండి, వాటిని మించినవి లేవు" అన్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. అందుకని ఈసారి సైన్సు పాఠం నీళ్ళ మీదే రాస్తున్నాం.

పప్పు ఉడకని నీళ్ళు

రసాయన శాస్త్రం చదవకపోయినా మన అమ్మమ్మలకి నీళ్ళ రకాలు తెలుసు. "ఆ బావి నీళ్ళకి పప్పు ఉడకదు", "ఈ బోరు నీళ్ళకి సబ్బు నురగ రాదు" అని వాళ్ళు అనటం మనలో చాలామంది విన్నదే. రెండింటికీ కారణం ఒకటే. భూమిలోని నీరు సున్నపురాతి పొరల్లోంచి వచ్చేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలని కరిగించుకుని వస్తుంది. అలాంటి నీటిని కఠిన జలం అంటారు. ఆ లవణాలు తక్కువగా ఉంటే మృదు జలం.

పల్నాడులోనూ, బేతంచెర్లలోనూ నేలంతా సున్నపురాయే. మనముంటున్న శాన్ ఆంటోనియో కూడా అంతే. మన కుళాయిల్లోకి ఎక్కువ భాగం నీరు ఎడ్వర్డ్స్ అనే భూగర్భ జలాశయం నుంచి వస్తుంది, అది సున్నపురాతిలోనే ఉంది. షవరు చిల్లుల చుట్టూ పేరుకునే తెల్లటి పొర ఆ రాయే.

ఈ కాఠిన్యతని లీటరుకి ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని కొలుస్తారు. యు.ఎస్. జియలాజికల్ సర్వే లెక్కలో 60 వరకు మృదువు, 61 నుంచి 120 ఓ మాదిరి, 121 నుంచి 180 కఠినం, 180 దాటితే చాలా కఠినం. మన ఊరి నీళ్ళు గ్యాలన్‌కి 15 నుంచి 20 గ్రెయిన్లు అంటారు. ఒక గ్రెయిన్ అంటే 17.1 మిల్లీగ్రాములు కాబట్టి మన నీళ్ళు సుమారు 257 నుంచి 342 దాకా ఉన్నట్టు. లెక్క సులువుగా ఉండటానికి 300 అనుకుందాం.

సబ్బుకీ సున్నానికీ ఎందుకు పడదు?

నూనెకి కాస్టిక్ సోడా నీళ్ళు కలిపితే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. ఆ సబ్బు సోడియం లవణం, నీళ్ళలో కరుగుతుంది. నీళ్ళలో కాల్షియం ఉంటే అది సోడియాన్ని పక్కకి నెట్టి దాని చోట్లో తను కూర్చుంటుంది. ఈ కాల్షియం సబ్బు నీళ్ళలో కరగదు, నురగ రాదు. బాత్‌టబ్ అంచున బూడిదరంగులో అంటుకునే తెట్టు అదే.

అలా అయితే కుళాయి నీళ్ళతో చేసిన సబ్బు పాడైపోతుందా? ఇక్కడ పెన్సిలు తీసి లెక్క వెయ్యాల్సిందే.

మా కొలత ఇది: 700 గ్రాముల ఆలివ్ నూనె, 300 గ్రాముల కొబ్బరి నూనె, 142 గ్రాముల కాస్టిక్ సోడా, దానికి రెండింతలు, అంటే 284 గ్రాముల నీళ్ళు. నూనెలో నూటికి 5 వంతులు సబ్బు కాకుండా మిగిలేలా వేసిన లెక్క. నూనె మారిస్తే సోడా లెక్క మళ్ళీ వెయ్యాలి, ఒక్కో నూనెకి ఒక్కో లెక్క. ఈ 284 గ్రాముల కుళాయి నీళ్ళలో ఉండేది 85 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. అది పాడుచెయ్యగలిగేది అర గ్రాము సబ్బు. కిలో నూనెతో చేసిన సబ్బులో అర గ్రాము!

ఇప్పుడు స్నానానికి వద్దాం. 20 లీటర్ల బకెట్లో అదే నీళ్ళు పోస్తే 6 గ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. ఆ బకెట్ మొత్తాన్ని సబ్బుతోనే మెత్తబరచాలంటే 36 గ్రాముల సబ్బు తెట్టు కింద పోతుంది. బకెట్ నీళ్ళన్నీ సబ్బుతో కలవవు కాబట్టి నిజంగా అంత పోదనుకోండి. అయినా తేడా చూశారా? సబ్బులో పోసిన నీళ్ళ కన్నా సబ్బు మీద పోసుకునే నీళ్ళ వల్లే నష్టం ఎక్కువ. "ఇంట్లో చేసిన సబ్బు నురగ రావట్లేదు" అన్నవాళ్ళు ముందు తమ షవరుని అనుమానించాలి.

అయినా డిస్టిల్డ్ ఎందుకు కొంటున్నాం?

లెక్క అలా తేలినా మేము బడి సబ్బులకి డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాం. తెలుగులో స్వేదన జలం, అంటే ఆవిరి చేసి చల్లార్చిన నీరు. మాకు భయం కాల్షియం వల్ల కాదు, ఇనుము, రాగి వల్ల. ఇవి చాలా కొద్దిగా ఉన్నా సబ్బులో మిగిలిన నూనె గాలికి త్వరగా పాడై ముక్కవాసన వస్తుంది, పైన నారింజరంగు మచ్చలు పడతాయి. అది కొన్ని వారాల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి సబ్బు ఎవరో కొనుక్కుని వెళ్ళిపోయి ఉంటారు. పైగా సబ్బు సరిగ్గా రాకపోతే కారణాల్లోంచి నీటిని ముందే కొట్టేయవచ్చు. ఒక్కో కారణాన్నీ తీసేసి చూడటం మాలో చాలామందికి ఆఫీసు నేర్పిన అలవాటు! ఒక గ్యాలన్‌తో ఇలాంటివి పదమూడు వాయిలు చెయ్యచ్చు, ఖర్చు లెక్కలోది కాదు.

మిగిలిన నీళ్ళ సంగతి. స్ప్రింగ్ వాటర్, మినరల్ వాటర్ కొనకండి, ఖనిజాలు ఉండటమే వాటి గొప్ప. కాచి చల్లార్చిన నీళ్ళలో తాత్కాలిక కాఠిన్యత పోతుంది గానీ శాశ్వత కాఠిన్యత, రాగి, ఇనుము అలాగే ఉంటాయి. ఆర్.ఓ. నీళ్ళు బాగానే ఉంటాయి. సాఫ్టెనర్ కాల్షియం తీసేసి సోడియం ఇస్తుంది, సబ్బులో ఎటూ సోడియమే కాబట్టి ఫరవాలేదు. తాతగారి వాన నీళ్ళు ప్రకృతి చేసిన స్వేదన జలమే. కానీ ఇక్కడ ఇంటి కప్పులకి తారు షింగిల్స్ ఉంటాయి. చూరు నీళ్ళు కాకుండా ఆరుబయట శుభ్రమైన గిన్నె పెట్టి పట్టి, వడకట్టుకోవాలి. కొబ్బరి నీళ్ళతో చెయ్యచ్చా అని ఒక పాప అడిగింది. చెయ్యచ్చు గానీ అందులోని చక్కెర వల్ల మిశ్రమం మరీ వేడెక్కి గోధుమరంగుకి తిరుగుతుంది. మొదటిసారికి వద్దు.

తల్లిదండ్రులకు

ఏ నీళ్ళు వాడామన్న దానికన్నా ఎలా కలిపామన్నది ముఖ్యం. సోడాని చల్లటి నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి. సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పొయ్యకూడదు, ఎగజిమ్ముతుంది. కలిపినప్పుడు నీళ్ళు దాదాపు మరిగే వేడికి వెళ్తాయి. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం వద్దు, గాజు వద్దు. కళ్ళద్దాలు, గ్లవ్స్ ఉండాలి, కిటికీలు తీసి ఉండాలి. ఇది పెద్దలు మాత్రమే చెయ్యాల్సిన పని, ఆ సమయంలో పిల్లలు వంటింట్లోకి రాకూడదు. ఒంటి మీద పడితే ధారగా నీళ్ళతో చాలాసేపు కడగండి, వెనిగర్ రాయకండి. కంట్లో పడితే కడుగుతూనే 911కి ఫోను చెయ్యండి. సబ్బు ఆరటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, సంక్రాంతికి కావాలంటే నవంబరు చివరికల్లా అచ్చుల్లో పొయ్యాలి.

పిల్లలకు ఇంటిపని

ఒకే రకం సీసాలు మూడు తీసుకోండి. ఒకదాంట్లో కప్పు స్వేదన జలం, రెండోదాంట్లో కప్పు కుళాయి నీళ్ళు, మూడోదాంట్లో కప్పు స్వేదన జలంలో చిటికెడు ఎప్సమ్ సాల్ట్ కలిపి పొయ్యండి. ద్రవ కాస్టీల్ సబ్బు ఒక్కొక్క చుక్క వేసి, మూతపెట్టి, పది సార్లు ఊపండి. నురగ ఒక నిమిషం నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో తెలుగు అంకెలతో రాయండి. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి, అది డిటర్జెంటు, సబ్బు కాదు. తర్వాత సీసాలు కడిగి అమ్మని అడిగి కుంకుడుకాయ రసంతో ఇదే చెయ్యండి. కుంకుడు రసంలో నురగ తెచ్చేవి సపోనిన్లు, సబ్బు కాదు. మూడు సీసాల్లోనూ తేడా అలాగే ఉందా, తగ్గిందా? మీరు చూసింది నాలుగు వాక్యాల్లో రాసి టీచరుకి చూపించండి. కఠిన జలం, మృదు జలం, స్వేదన జలం, నురగ, తెట్టు అన్న మాటలు అందులో రావాలి.